అంటువ్యాధి వ్యాప్తిని కంప్యూటర్‌లో లెక్కించడం ఎలా? స్ప్రెడ్‌షీట్‌తో ఒక చిన్న నమూనా

ఫలానా తేదీకల్లా కేసులు ఇన్ని లక్షలకు చేరతాయన్న వార్తలు కరోనా కాలంలో దాదాపు ప్రతి వారం వచ్చాయి. ఆ అంకెల వెనుక కంప్యూటర్ నమూనాలు ఉంటాయని అందరికీ తెలిసినా, నమూనా లోపల ఏ లెక్క జరుగుతుందో స్వయంగా చూసినవారు తక్కువ. ఆ లెక్కలో ప్రధానమైన భాగం కూడికలు, తీసివేతలు, గుణకారాలు, భాగహారాలకు మించదు. హైస్కూలు గణితం గుర్తున్నవారెవరైనా ఒక సెలవురోజున కూర్చుని దానిని పూర్తి చేయగలరు. ప్రోగ్రామింగ్ రానవసరం లేదు. ఎక్సెల్, లిబ్రెఆఫీస్ క్యాల్క్, గూగుల్ షీట్స్‌లో ఏదో ఒకటి ఉంటే చాలు.

అభ్యాసానికి ఒక నిజమైన సంఘటనను తీసుకుందాం. 1978 జనవరిలో ఇంగ్లాండులోని ఒక బాలుర వసతి పాఠశాలలో ఫ్లూ వ్యాపించింది. ఆ బడిలో 763 మంది అబ్బాయిలు ఉన్నారు. ఏ రోజున ఎంతమంది మంచం పట్టి ఉన్నారో ఆ సంవత్సరం మార్చిలో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించింది. నమూనాలు నేర్చుకునేవారికి ప్రపంచమంతటా ఇదే తొలి పాఠంగా చెబుతుంటారు. పిల్లలు దాదాపు అందరూ బడిలోనే ఉండటం, బయటివారి రాకపోకలు తక్కువగా ఉండటం, లెక్క రోజువారీగా దొరకడం, అంతా రెండు వారాల్లో ముగిసిపోవడం అందుకు కారణాలు. ఊరి లెక్కలతో మొదలుపెడితే పరీక్షలు ఎన్ని చేశారు, ఎవరిని లెక్కలోకి తీసుకోలేదు అన్న చిక్కుల్లోనే రోజంతా గడిచిపోతుంది.

1. మొదట ప్రశ్నను కాగితం మీద రాసుకోండి

స్ప్రెడ్‌షీట్ తెరవడానికి ముందే చేయవలసిన పని ఇది. "మొత్తం ఎంతమందికి సోకుతుంది?" అన్నది నమూనాను అడగదగిన ప్రశ్నలలో బలహీనమైనది, ఎందుకంటే దానికి వచ్చే జవాబు మనం లోపల పెట్టిన ప్రతి ఊహ మీదా ఆధారపడి ఉంటుంది. "జబ్బుపడ్డవారిని 25వ తేదీ నుంచి వేరుగా ఉంచితే ఎలా ఉంటుంది, 27 నుంచి ఉంచితే ఎలా ఉంటుంది, ఆ రెండింటికీ తేడా ఎంత?" అన్నది మంచి ప్రశ్న. రెండు లెక్కల్లోనూ ఒకే ఊహలు ఉంటాయి కనుక, ఆ ఊహలలోని లోపాలు రెండింటిలోనూ చాలావరకు సమానంగా ఉండి, తేడా మాత్రం కొంత నమ్మదగినదిగా మిగులుతుంది. నా దృష్టిలో ఇలాంటి నమూనా ఎక్కువగా పనికివచ్చేది ఈ పోలిక కోసమే. ఈ వ్యాసంలో మనం వెతికేది కూడా ఈ ప్రశ్నకు జవాబునే.

2. జనాన్ని మూడు గుంపులుగా విడదీయండి

ఇంకా జబ్బు సోకనివారు, ప్రస్తుతం జబ్బుతో ఉండి ఇతరులకు అంటించగలవారు, కోలుకుని మళ్లీ సోకే అవకాశం లేనివారు అన్నవి ఆ మూడు గుంపులు. వీరిని ఇక్కడ సోకనివారు, రోగులు, కోలుకున్నవారు అని పిలుద్దాం. ఒక్కొక్కరు మొదటి గుంపు నుంచి రెండవదానికి, అక్కడి నుంచి మూడవదానికి మారుతారు, వెనక్కి రారు. మూడింటి మొత్తం ఎప్పుడూ 763గానే ఉండాలి.

ఈ పద్ధతిని 1927లో ఎడిన్‌బరోలో పనిచేస్తున్న విలియం కెర్మాక్, ఆండర్సన్ మెకెండ్రిక్ ప్రచురించారు. మెకెండ్రిక్ అంతకుముందు మన దేశంలో వైద్యాధికారిగా పనిచేసి, కసౌలీలోని పాశ్చర్ సంస్థకు నాయకత్వం వహించినవారు. తమ సమీకరణాలను సరిచూసుకోవడానికి వారు వాడినది 1905-06లో బొంబాయిలో ప్లేగు వల్ల వారంవారం సంభవించిన మరణాల లెక్క. సమీకరణాల నుంచి వచ్చిన గీత ఆ అంకెలకు చక్కగా కుదిరింది. అయితే ప్లేగు ఎలుకల నుంచి, వాటి ఒంటి మీద ఉండి రక్తం పీల్చే చిన్న పురుగుల (ఫ్లీ) ద్వారా వస్తుంది, రుతువులతో పాటు హెచ్చుతగ్గులు కూడా ఉంటాయి. ఇవేవీ ఆ మూడు గుంపుల లెక్కలో లేవు. గీత కుదిరినంత మాత్రాన ఊహలు సరైనవని రుజువు కాదన్న విషయం ఈ పద్ధతి పుట్టిన రోజునుంచీ దానితోనే ఉంది.

మన బడి విషయంలో మూడు గుంపుల ఊహ ఎంతవరకు నిలుస్తుందో కూడా చూసుకోవాలి. ఆ ఫ్లూకు కారణం హెచ్1ఎన్1 రకం వైరస్. ఆ రకం 1957లో మనుషుల్లో కనుమరుగై 1977లో తిరిగి కనిపించింది. 1978లో బడిలో ఉన్న పిల్లలంతా ఆ విరామంలో పుట్టినవారే కనుక వారిలో ఎవరికీ ముందస్తు రోగనిరోధకత లేదని అనుకోవచ్చు. ఆ బడిలో ఉన్న సుమారు 130 మంది పెద్దలలో ఒక్కరే జబ్బుపడ్డారు. అందువల్ల పెద్దలను లెక్క నుంచి తప్పించి, 763 మంది పిల్లలనూ సోకే అవకాశం ఉన్నవారిగా తీసుకోవడం సమంజసమే.

3. లెక్కను నమోదు చేయండి, కానీ అది దేని లెక్కో ముందు తెలుసుకోండి

జనవరి 22 నుంచి ఫిబ్రవరి 4 వరకు రోజువారీగా మంచం పట్టి ఉన్న పిల్లల సంఖ్య ఇది: 3, 8, 26, 76, 225, 298, 258, 233, 189, 128, 68, 29, 14, 4. ఈ 14 అంకెలను షీట్‌లో ఒక పక్కన నిలువు వరుసగా రాసుకోండి.

కొత్తగా నేర్చుకునేవారు ఎక్కువగా పొరపడే చోటు ఇదే. ఇవి ఆ రోజు కొత్తగా జబ్బుపడ్డవారి సంఖ్యలు కావు, ఆ రోజున జబ్బుతో ఉన్నవారి సంఖ్యలు. సోమవారం పడుకున్న అబ్బాయి బుధవారం కూడా లేవకపోతే అతడు మూడు రోజుల లెక్కలోనూ ఉంటాడు. పై అంకెలన్నీ కూడితే 1,559 వస్తుంది, కానీ మొత్తం జబ్బుపడ్డ పిల్లలు 512 మంది. మన పత్రికలలో రోజూ వచ్చిన కరోనా అంకెలు దీనికి భిన్నంగా ఎక్కువగా కొత్త కేసులవి. రెండింటినీ కలగలిపితే నమూనా మొదటి మెట్టులోనే తప్పుతుంది. ప్రభుత్వ బులెటిన్ల నుంచి అంకెలు తీసుకునేవారు ప్రతి వరుస పైన "కొత్తవి", "ప్రస్తుతం ఉన్నవి", "ఇప్పటివరకు మొత్తం" అని మూడింటిలో ఏదో ఒకటి తప్పనిసరిగా రాసుకోవాలి.

4. షీట్ కట్టడం

మొదటి అడ్డవరుసలో శీర్షికలు రాయండి. ఏ (A) నిలువు వరుసలో రోజు, బి (B)లో సోకనివారు, సి (C)లో రోగులు, డి (D)లో కోలుకున్నవారు, ఈ (E)లో కొత్తగా సోకేవారు, ఎఫ్‌లో కొత్తగా కోలుకునేవారు ఉంటారు. హెచ్ వరుసను స్థిరమైన విలువలకు కేటాయించండి. హెచ్1లో మొత్తం జనాభా 763, హెచ్2లో బీటా 1.66, హెచ్3లో జబ్బు ఉండే సగటు రోజులు 2.2, హెచ్4లో కాలపు అడుగు, అంటే ఒక్కో అడ్డవరుసకు ఎంత రోజు గడుస్తుందో తెలిపే విలువ, 0.1 రాయండి. బీటా అంటే, చుట్టూ అందరూ సోకనివారే ఉన్నప్పుడు ఒక రోగి ఒక రోజులో సగటున ఎంతమందికి అంటిస్తాడో తెలిపే సంఖ్య.

రెండవ అడ్డవరుస జనవరి 22వ తేదీకి చెందినది. ఏ2లో 0, బి2లో 760, సి2లో 3, డి2లో 0 ఉంచండి. మిగిలిన రెండు గడుల ఫార్ములాలు ఇవి.

ఈ2 = హెచ్2 × బి2 × సి2 ÷ హెచ్1 × హెచ్4
ఎఫ్2 = సి2 ÷ హెచ్3 × హెచ్4

మొదటి ఫార్ములాను మాటల్లో చెప్పాలంటే, ప్రతి రోగీ రోజుకు బీటా మందికి అంటించగలడు, కానీ అతడు కలిసేవారిలో బి2 ÷ హెచ్1 వంతు మంది మాత్రమే ఇంకా సోకనివారు. జబ్బు పెరిగేకొద్దీ ఈ వంతు తగ్గిపోతుంది. ఎవరూ ఏ చర్యా తీసుకోకపోయినా వ్యాప్తి ఒక దశలో దానంతట అదే తగ్గుముఖం పట్టేది ఇందువల్లనే.

మూడవ అడ్డవరుసలో ఏ3 = ఏ2 + హెచ్4, బి3 = బి2 − ఈ2, సి3 = సి2 + ఈ2 − ఎఫ్2, డి3 = డి2 + ఎఫ్2 అని రాసి, ఈ2, ఎఫ్2 గడుల ఫార్ములాలను కిందికి లాగండి. తర్వాత మూడవ వరుస మొత్తాన్ని 402వ వరుస వరకు లాగితే 40 రోజుల లెక్క సిద్ధమవుతుంది. కిందికి లాగినప్పుడు హెచ్ గడులు కూడా జరిగిపోకుండా వాటి పేర్లలో అక్షరానికీ అంకెకూ ముందు డాలర్ గుర్తు ఉండాలి. ఇక్కడ తెలుగులో రాసిన గడుల పేర్లను కంప్యూటర్‌లో ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి, గుణకారానికి నక్షత్రపు గుర్తు, భాగహారానికి వాలుగీత వాడాలి.

సరిచూసుకోవడానికి ఒక గుర్తు చెబుతాను. మూడవ వరుసలో సోకనివారు 759.50, రోగులు 3.36, కోలుకున్నవారు 0.14 రావాలి, మూడూ కలిపితే 763 కావాలి. ప్రతి వరుసలోనూ ఆ మొత్తాన్ని చూపే ఒక అదనపు నిలువు వరుసను పెట్టుకుంటే, ఫార్ములాలో గుర్తు ఒకటి తప్పినా వెంటనే దొరుకుతుంది.

5. కాలపు అడుగును తేలిగ్గా తీసుకోవద్దు

రోజుకు ఒక వరుస సరిపోదా, పది వరుసలు ఎందుకు అన్న సందేహం సహజంగానే వస్తుంది. హెచ్4లో 0.1 తీసేసి 1 పెట్టి చూడండి. ఐదవ రోజున, అంటే 27వ తేదీన, నిజంగా 298 మంది పడకల మీద ఉండగా షీట్ 133 మాత్రమే చూపిస్తుంది. శిఖరం రెండు రోజులు ఆలస్యమై 29వ తేదీకి చేరుతుంది, దాని ఎత్తు 342 అవుతుంది. జబ్బు గుణం మారలేదు, బీటా మారలేదు, మన లెక్కించే పద్ధతి మాత్రమే మారింది. ఈ నమూనా ఊహ ప్రకారం ఉదయం సోకినవారు సాయంత్రానికే ఇంకొకరికి అంటించగలరు. రోజుకొక్కసారే లెక్కిస్తే ఆ అంటింపు మర్నాటికి వాయిదా పడుతుంది, తొలి రోజుల వేగం అంతా అక్కడే పోతుంది.

0.1 అడుగుతో శిఖరం 27, 28 తేదీల మధ్యకు వస్తుంది, ఎత్తు 290 దరిదాపుల్లో ఉంటుంది. 0.05 పెట్టి, వరుసలను రెట్టింపు చేసి మళ్లీ చూడండి. అంకెలు పెద్దగా కదలకపోతే అడుగు తగినంత చిన్నదని అర్థం. అడుగును సగం చేసి చూసే ఈ పరీక్షను ఏ నమూనాకైనా చేయాలి, చేయనివాటిని నమ్మకూడదు.

6. విలువలను కుదర్చడం

ఇంతవరకు బీటా 1.66 అనీ, జబ్బు కాలం 2.2 రోజులనీ నేనే ఇచ్చాను. ఈ బడి అంకెలపై చేసిన అధ్యయనాల్లో తరచుగా కనిపించే విలువలు అవి. వాటిని మీరే రాబట్టవచ్చు. రోజు 0, 1, 2 మొదలైనవాటికి చెందిన రోగుల సంఖ్యలను, అంటే 2, 12, 22వ వరుసల వంటివాటిని, నిజమైన అంకెల పక్కన తెచ్చుకోండి. రెండింటి తేడాను వర్గం చేసి, 14 రోజులకూ కూడండి. ఆ మొత్తం ఎంత తక్కువైతే కుదురు అంత మంచిది. ఎక్సెల్‌లో, లిబ్రెఆఫీస్‌లో ఉండే సాల్వర్‌కు ఆ మొత్తాన్ని కనిష్ఠం చేయమనీ, అందుకు హెచ్2, హెచ్3 గడులను మార్చమనీ చెబితే మిగతా పని అదే చేస్తుంది. అడుగు పరిమాణం, మొదటి రోజు సంఖ్యల మీద ఆధారపడి మీ జవాబు కొద్దిగా వేరుగా రావచ్చు.

సాల్వర్‌కు అప్పగించే ముందు చేత్తో పది, పదిహేను విలువలు మార్చి చూడటం మంచిదని నా సలహా. రోగుల సంఖ్యను గ్రాఫ్‌గా గీసి చూస్తే, బీటా పెంచినప్పుడు గీత నిటారుగా లేచి ఎడమకు జరుగుతుంది. జబ్బు కాలం పెంచితే వెనుక వాలు నెమ్మదిస్తుంది. ఈ కదలికలు కంటికి అలవాటైతే సాల్వర్ ఎప్పుడైనా అర్థంలేని జవాబు ఇచ్చినప్పుడు పసిగట్టగలుగుతారు.

రెండు విలువలనూ గుణిస్తే సుమారు 3.65 వస్తుంది. దీన్నే ఆర్-నాట్, లేదా మూల పునరుత్పత్తి సంఖ్య అంటారు. ఎవరికీ రోగనిరోధకత లేని చోట ఒక రోగి తన జబ్బు కాలమంతటిలో సగటున ఇంతమందికి అంటిస్తాడు. ఇది వైరస్ ఒక్కదాని గుణం కాదు. అదే వైరస్ ఒకే గదిలో వరుస మంచాల మీద పడుకునే పిల్లల మధ్య ఒక విలువను, విడివిడి ఇళ్లలో ఉండేవారి మధ్య మరొక విలువను ఇస్తుంది.

7. ఎక్కడ కుదరలేదో వెతకండి

గ్రాఫ్ చూడటానికి బాగుంది కదా అని ఇక్కడ ఆగిపోయేవారు ఎక్కువ. షీట్ చివర కోలుకున్నవారి సంఖ్యను చూడండి. నమూనా లెక్క ప్రకారం సుమారు 740 మందికి, అంటే 97 శాతానికి జబ్బు సోకింది. నిజంగా జబ్బుపడ్డవారు 512 మంది, అంటే 67 శాతం. శిఖరమూ కుదిరింది, తేదీలూ కుదిరాయి, మొత్తం మాత్రం 230 దాకా తప్పింది.

ఇందుకు కారణం 1,559 దగ్గరే దొరుకుతుంది. దానిని 512తో భాగిస్తే ఒక్కొక్కరు సగటున మూడు రోజులు మంచం మీద ఉన్నట్లు తేలుతుంది. మన నమూనాలో జబ్బు కాలం 2.2 రోజులే. తక్కువ మంది ఎక్కువ రోజులు పడుకున్నా, ఎక్కువ మంది తక్కువ రోజులు పడుకున్నా, గీత కింద వైశాల్యం దాదాపు ఒకటే. సాల్వర్ చూసేది గీతను మాత్రమే కనుక రెండవ దారిని ఎంచుకుంది.

ఏది నిజానికి దగ్గర? రెండు వివరణలు సాధ్యం. ఒకటి, వైరస్ సోకినా మంచం పట్టనంత స్వల్పంగా జబ్బుపడ్డ పిల్లలు చాలామంది ఉండి ఉండవచ్చు, అప్పుడు 740 అన్నది అంత అసంభవమైన సంఖ్య కాదు. రెండు, మంచం పట్టిన అబ్బాయి తోటివారికి దూరమవుతాడు కనుక అతడు అంటించే కాలం పడుకునే కాలం కంటే తక్కువ, అప్పుడు "రోగులు", "పడుకున్నవారు" అన్నవి రెండు వేర్వేరు గుంపులు కావాలి. ఆ రెండవ ఊహను పరీక్షించాలంటే కోలుకునే ముందు "పడకపై ఉన్నవారు" అనే నాలుగవ గుంపును చేర్చి, నిజమైన అంకెలను ఆ గుంపుతో పోల్చాలి. షీట్‌లో ఇది ఇంకో రెండు నిలువు వరుసల పని మాత్రమే. ఈ రెండు వివరణల మధ్య తేల్చేది కంప్యూటర్ కాదు, రక్త పరీక్షలు. ఎంతమందిలో యాంటీబాడీలు ఉన్నాయో తెలిస్తే ప్రశ్న తీరిపోతుంది. కరోనా సమయంలో భారతీయ వైద్య పరిశోధన మండలి దేశమంతటా సీరో సర్వేలు చేయించినది అధికారిక కేసుల లెక్కకు అందని సోకులను పట్టుకోవడానికే. 2021 జూన్, జూలైలలో జరిగిన నాలుగవ సర్వేలో 67.6 శాతం మందిలో యాంటీబాడీలు కనిపించాయి.

8. నియంత్రణ చర్యలను నడిపి చూడండి

ఇప్పుడు మొదట రాసుకున్న ప్రశ్నకు వద్దాం. జబ్బుపడ్డవారిని వేరుచేసి, తరగతులు ఆపి, అంటింపును సగానికి తగ్గించగలిగారని అనుకుందాం. హెచ్5లో చర్య మొదలయ్యే రోజును, హెచ్6లో తర్వాతి బీటాను, అంటే 0.83ను రాయండి. ఈ (E) నిలువు వరుస ఫార్ములాలో హెచ్2 ఉన్నచోట, అదే అడ్డవరుసలోని ఏ (A) గడిలో ఉన్న రోజు హెచ్5 కంటే తక్కువైతే హెచ్2, లేకపోతే హెచ్6 తీసుకొమ్మని ఇఫ్ (IF) షరతు పెట్టండి.

హెచ్5లో 3 పెట్టండి, అంటే జనవరి 25. శిఖరం 290 నుంచి 125 దరిదాపులకు పడిపోతుంది. 5 పెట్టండి, అంటే జనవరి 27. శిఖరం 260 దరిదాపుల్లోనే ఆగుతుంది. రెండు రోజుల ఆలస్యంతో చర్య ఫలితంలో చాలా భాగం పోయింది. 25న పడకల మీద ఉన్నది 76 మందే అన్నది గమనించండి. అంత తక్కువ సంఖ్యను చూసి బడి మూయాలని నిర్ణయించడం ఏ ప్రధానోపాధ్యాయుడికైనా కష్టమే. సమర్థించుకోగలిగినంత పెద్ద సంఖ్య కనిపించేసరికి చర్యకు తగిన సమయం దాటిపోతుంది.

ఇంకొక విషయం అంత సులభంగా కంటికి కనపడదు. 25న చర్య తీసుకున్న లెక్కలో శిఖరం సగానికంటే కిందికి దిగినా, చివరికి సోకినవారి మొత్తం 740 నుంచి 590 దాకా మాత్రమే తగ్గుతుంది. వ్యాప్తి చదునై, ఎక్కువ రోజులు సాగుతుంది. 14 రోజులకే షీట్ ఆపేసి ఉంటే ఇది తెలిసేది కాదు. 402 వరుసలు లాగమన్నది ఇందుకే. ఆసుపత్రిలో పడకలు చాలుతాయా అన్నది మీ ప్రశ్న అయితే శిఖరాన్ని చూడాలి, మొత్తం ఎంతమంది జబ్బుపడతారన్నది ప్రశ్న అయితే చివరి సంఖ్యను చూడాలి. ఒకే చర్య ఒక ప్రశ్నకు గొప్ప జవాబుగా, మరొకదానికి సాధారణమైనదిగా కనిపించవచ్చు.

టీకాను చూపడం మరింత సులువు. టీకా పనిచేసినవారిని మొదటి రోజునే సోకనివారి నుంచి తీసి కోలుకున్నవారిలో కలపండి. ఒకటిలోంచి, ఆర్-నాట్‌తో ఒకటిని భాగించగా వచ్చినదాన్ని తీసివేస్తే, ఎంత వంతు మందికి రక్షణ ఉంటే వ్యాప్తి మొదలుకాదో తెలుస్తుంది. 3.65కు అది సుమారు 73 శాతం. టీకా 80 శాతం మందిలోనే పనిచేస్తే 91 శాతం మందికి వేయవలసి వస్తుంది. తట్టుకు ఆర్-నాట్ 12 నుంచి 18 వరకు ఉంటుందని సాధారణంగా చెబుతారు. ఆ లెక్కన 92 నుంచి 94 శాతం మందికి రక్షణ కావాలి. తట్టు టీకాలో కొద్దిపాటి వెనుకబాటు కూడా వెంటనే బయటపడేది ఇందుకే.

9. యాదృచ్ఛికతను చేర్చడం

మన షీట్‌లో 3.36 మంది రోగులు ఉండటం విడ్డూరంగా కనిపించే ఉంటుంది. వందల సంఖ్యలో ఉన్నప్పుడు దానితో నష్టం లేదు, ఒకరిద్దరితో మొదలయ్యే దశలో మాత్రం ఆ దశాంశాలు మోసం చేస్తాయి. ఇంగ్లాండు బడిలో జనవరి మధ్యలో, హాంకాంగ్ నుంచి వచ్చిన ఒక అబ్బాయికి కొన్ని రోజులు జ్వరం వచ్చి తగ్గిందని బ్రిటిష్ మెడికల్ జర్నల్ నివేదికలో ఉంది. అతడు ఎవరికీ అంటించకుండానే కోలుకుని ఉంటే ఈ కథ మొత్తం ఉండేదే కాదు. ఈ నమూనా ప్రకారం ఒక్క రోగితో మొదలైన వ్యాప్తి దానంతట అదే ఆగిపోయే అవకాశం, 3.65తో ఒకటిని భాగిస్తే వచ్చేది, సుమారు 27 శాతం.

దీన్ని కంటితో చూడాలంటే షీట్ నకలు తీసి, ఈ, ఎఫ్ వరుసల్లో బైనమ్.ఇన్వ్ (BINOM.INV) ఫార్ములాను, యాదృచ్ఛిక సంఖ్యను ఇచ్చే ర్యాండ్ (RAND)తో కలిపి వాడండి. సోకనివారి సంఖ్యను ప్రయత్నాల సంఖ్యగా, ఆ అడుగులో ఒక్కొక్కరికి సోకే సంభావ్యతను విజయ సంభావ్యతగా ఇవ్వాలి. అడుగు చిన్నది కనుక ఆ సంభావ్యతను బీటా × రోగులు ÷ జనాభా × అడుగు అని తీసుకోవచ్చు. కోలుకోవడానికి కూడా ఇదే పద్ధతి. రోగులు సున్నా అయిన వరుసలో లోపం చూపకుండా ఇఫ్ షరతుతో సున్నా ఇప్పించండి. సోకనివారిని 762గా, రోగులను 1గా మార్చి, ఎఫ్9 మీట నొక్కుతూ పోండి. ప్రతిసారీ కొత్త గ్రాఫ్ వస్తుంది, కొన్నిసార్లు జబ్బు ఒకరిద్దరితోనే ఆగిపోతుంది, మిగిలినప్పుడు శిఖరం తేదీ ముందుకూ వెనక్కూ జరుగుతుంది. వందలసార్లు నడపాలనుకునేవారు ఇక్కడి నుంచి ఆర్ (R) లేదా పైథాన్ ప్రోగ్రామింగ్ భాషకు మారడం మంచిది. వ్యక్తులను చుక్కలుగా తెరమీద కదిలిస్తూ చూడాలనుకునేవారికి నెట్‌లోగో ఉచితంగా దొరుకుతుంది.

10. నమూనాను పెంచే ముందు

సోకిన తర్వాత కొన్ని రోజులు అంటించని దశ ఉండే జబ్బులకు మధ్యలో ఒక గుంపును చేర్చాలి. వయసును బట్టి కలయికలు మారే చోట ప్రతి వయసుకూ మూడేసి గుంపులు కావాలి. దోమల వల్ల వచ్చే జబ్బులకు దోమలను కూడా లెక్కించాలి. ఈ చివరి పనికి పునాది వేసిన రోనాల్డ్ రాస్, 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో దోమ పొట్టలో మలేరియా పరాన్నజీవిని గుర్తించినవారే. ఆ ఆవిష్కరణకు 1902లో నోబెల్ వచ్చిన తర్వాత ఆయన గణితం వైపు మళ్లి, దోమలన్నింటినీ చంపనక్కర లేదనీ, వాటి సంఖ్యను ఒక హద్దు కిందికి దించితే మలేరియా తనంతట తానే తగ్గిపోతుందనీ సమీకరణాలతో చూపారు. దోమలను నిర్మూలించడం అసాధ్యం కనుక ప్రయత్నమే వృథా అని వాదించేవారికి ఆయన ఇచ్చిన జవాబు అది.

చేర్చే ప్రతి కొత్త గుంపుకూ కొత్త విలువలు కావాలి, ఆ విలువలకు ఆధారం కావాలి. ఆధారం లేకుండా పది విలువలు పెట్టిన నమూనా ఏ గీతకైనా కుదురుతుంది. కనుక అది దేనినీ చెప్పదు. మూడు గుంపులతో జవాబు దొరికే ప్రశ్నకు ముప్పై గుంపుల నమూనా అవసరం లేదు.

11. ఫలితాన్ని ఎలా రాయాలి

"ఏమీ చేయకపోతే ఇలా జరుగుతుంది" అన్న లెక్కకూ, "ఇలా జరగబోతోంది" అన్న జోస్యానికీ మధ్య తేడాను వాక్యంలోనే చూపాలి. 2014 సెప్టెంబరులో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ, పరిస్థితి మారకపోతే లైబీరియా, సియెర్రా లియోన్‌లలో 2015 జనవరి 20 నాటికి ఎబోలా కేసులు, లెక్కకు అందనివాటితో కలిపి, 14 లక్షల దాకా చేరవచ్చని చెప్పింది. గినీతో కలిపి ఆ మూడు దేశాలలో చివరికి నమోదైనవి సుమారు 28,600. లెక్క తప్పిందని చాలామంది ఎగతాళి చేశారు. కానీ అదే నివేదికలో, సుమారు 70 శాతం రోగులను చికిత్సా కేంద్రాల్లోనో, అంటింపు తగ్గే ఏర్పాట్లలోనో ఉంచగలిగితే వ్యాప్తి ఆగుతుందని కూడా ఉంది, సహాయం ఆ దిశగానే కదిలింది. పత్రికల శీర్షికలకు ఎక్కినది మొదటి అంకె మాత్రమే.

మన దేశంలో జరిగినది వేరే రకం. 2020 అక్టోబరులో ఐఐటీ హైదరాబాద్ ఆచార్యులు ఎం. విద్యాసాగర్ అధ్యక్షతన కేంద్రం నియమించిన కమిటీ, కరోనా శిఖరం దాటిందనీ, జాగ్రత్తలు కొనసాగితే 2021 ఫిబ్రవరి చివరికి కేసులు చాలా తగ్గుతాయనీ ప్రకటించింది. ఫిబ్రవరిలో కేసులు నిజంగానే బాగా తగ్గాయి. ఆ తర్వాత డెల్టా రకం వ్యాపించి, మే మొదటి వారంలో రోజుకు 4 లక్షలు దాటాయి. వైరస్ మారితే బీటా మారుతుంది, పాత అంకెలతో కుదిర్చిన బీటాకు ఆ మార్పు తెలియదు. నా ఉద్దేశంలో ఇక్కడ లోపం లెక్కలో కంటే, ఏ పరిస్థితులు మారితే ఈ లెక్క చెల్లదో అంకె పక్కనే స్పష్టంగా రాయకపోవడంలో ఎక్కువగా ఉంది.

అందువల్ల మీ షీట్‌ను ఎవరికైనా పంపే ముందు హెచ్ వరుసలోని ప్రతి విలువ పక్కనా అది ఎక్కడి నుంచి వచ్చిందో, కొలిచినదా ఊహించినదా రాయండి. బీటాను పది శాతం పెంచి ఒకసారి, తగ్గించి ఒకసారి నడిపి, మూడు గీతలనూ ఒకే గ్రాఫ్‌లో చూపండి. ఈ బడి విషయంలో శిఖరం సుమారు 260 నుంచి 315 దాకా మారుతుంది, తేదీ కూడా కొంత జరుగుతుంది. ఒకే గీత ఉన్న గ్రాఫ్‌ను పంపకండి. గ్రాఫ్ కింద లెక్క చేసిన తేదీని, అంకెలు ఏ రోజు వరకు తీసుకున్నారో ఆ తేదీని విడివిడిగా వేయండి, ఫార్ములాలు కనిపించే షీట్‌నే జత చేయండి.